సాకు సార్

ఆ రోజుల్లో లీడర్ అంటే మాకు ఒకటే అర్థం. తెల్ల చొక్కా, చంకలో చిన్న బ్యాగు, జీపులో ముందు సీటు. అట్లాంటి లీడర్లు మా ధర్మవరంలో వీధికి ఇద్దరు ఉండనే ఉండేవాళ్ళు, మూడో మనిషి అవసరం ఎవరికీ లేదు. అందుకే తొంభైల్లో డిగ్రీ పాసై, రెండేండ్లు టీ కొట్ల ముందర బెంచీలు అరగదీసి, చివరికి హిందూపురంలో పట్టుదారం తీసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా చేరినప్పుడు నేనూ ఒక లీడర్‌నైపోతానని కలలో కూడా అనుకోలేదు. అయినాను. సరిగ్గా ఒక్క పూట. ఆ పూట చాలు, ఇప్పటికీ హిందూపురంలో పాత మనుషులు నన్ను చూస్తే నా పేరు పెట్టి పిలవరు.

ముందు ఆ ఉద్యోగం ఎంత ముఖ్యమో చెప్పాలి. మాది మగ్గం నేసే ఇల్లు. నాయన నన్ను కూడా మగ్గం గుంతలో కూర్చోబెట్టి చూసినాడు. నెల తిరక్కుండానే నేను నేసిన చీరకు అంచు ఒక పక్క ధర్మవరంలోనే ఉండగా ఇంకో పక్క ముదిగుబ్బకు బయలుదేరింది. నాయన దాన్ని కాసేపు తేరిపార చూసి, "నువ్వు చదువుకోరా, అదే మంచిది" అన్నాడు. (మా వీధిలో చదువు ఇట్లాంటి కారణాలతోనే బాగా వ్యాపించింది.) అట్లాంటి నాయన, నాకు ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజు వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచి, అడిగినోళ్ళకీ అడగనోళ్ళకీ "మా వాడు సూపర్‌వైజరు, వాని కింద నలభై మంది ఉంటారంట" అని చెప్పి వచ్చినాడు. ఫ్యాక్టరీ సావుకారు మాత్రం నాతో, "చూడప్పా, మూడు నెలలు చూస్తా. బాగుంటే ఉంటావు, లేకుంటే ధర్మవరం బండి యాడ ఆగుతాదో నీకు తెలుసు కదా" అన్నాడు. ఉద్యోగం పోతే నాకు బాధ లేదు గానీ, మా వీధిలో ఆ చివర నుంచి ఈ చివర దాకా నేను నడిచి రావాలి కదా. అదీ నా భయం.

పొద్దున ప్యాసింజర్ బండిలో ధర్మవరం నుంచి పోవడం, సాయంత్రం అదే బండిలో రావడం. పట్టు అంటే మా ఇంట్లో రంగులేసుకొని, కండెలకు చుట్టుకొని, మర్యాదగా వచ్చేది. అది పురుగు కట్టుకున్న గూడనీ, ఆ గూళ్ళను ఆవిరిలో ఉడకబెడితేనే పోగు ఊడి వస్తుందనీ, ఉడికిన పురుగు వాసన ఎట్లుంటుందో అది చెప్పనలవి కాదనీ నాకు మొదటి రోజే తెలిసింది. మొదటివారం తిరిగొచ్చేటప్పుడు బండి కిటకిటలాడతా ఉన్నా నాకు సీటు దొరికేది. నాకే కాదు, నా పక్కన ఇంకో ముగ్గురికి సరిపోయేంత చోటు దొరికేది.

ఫ్యాక్టరీలో దారం తీసేవాళ్ళంతా ఆడవాళ్ళే. సగం మంది హిందూపురం వాళ్ళు, సగం మంది అటు కర్ణాటక ఊర్ల నుంచి వచ్చేవాళ్ళు. వాళ్ళ మాట తెలుగులో మొదలై కన్నడంలో దిగేది, లేకుంటే కన్నడంలో ఎక్కి తెలుగులో దిగేది. నాకేమో కన్నడం ఒక్క ముక్క రాదు. నేను ఎక్కువగా అద్దాల గదిలో కూర్చొని ఉండేవాణ్ణి కాబట్టి, రాకపోయినా ఇబ్బంది లేదనుకున్నాను. గూళ్ళు ఉడకబెట్టే తొట్టి దగ్గర ఒకామె ఉండేది. అందరూ ఆమెను ఆవిరక్క అనేవాళ్ళు. గూడు ఎంత ఉడికిందో వాసనను బట్టి చెప్పేది. బాయిలర్ చూసుకునే పెద్దాయనను భాయ్ అనేవాళ్ళు. ఇరవై ఏండ్లుగా ఆ బాయిలర్ ఆయన మాట తప్ప ఇంకొకరి మాట విన్నది లేదు. ఆవిరక్క తొట్టి దగ్గర నుంచి ఒక కేక వేస్తుంది, భాయ్ గోడకున్న వాల్వు చక్రం తిప్పి ఆవిరి మూస్తాడు. ఫ్యాక్టరీ నడిచేది వాళ్ళిద్దరి మధ్య. మిగతా అందరం, సావుకారుతో సహా, చుట్టూ నిలబడి ఉండేవాళ్ళమంతే.

చేరిన రెండో వారంలో సావుకారు నన్ను పెనుకొండలో రెండు రోజుల శిక్షణకు పంపినాడు. కొత్త సూపర్‌వైజర్లకు నాయకత్వం నేర్పిస్తారంట. కొండ కింద ఒక రేకుల హాలు, లోపల టై కట్టుకున్న ఒకాయన. ఆ ఎండకు మేమంతా చొక్కా బొత్తాలు విప్పుకొని కూర్చుంటే ఆయన టై వదలలేదు. అక్కడే మాకు లీడర్ అంటే ఏమిటో కొంత అర్థమైంది. ఆయన ఒక పచ్చ అట్ట పుస్తకం ఇచ్చినాడు, 'మంచి నాయకునికి ఉండాల్సిన పది లక్షణాలు'. నేను రెండు రోజుల్లో పదీ బట్టీ పట్టేసినాను. (పరీక్ష పెడతారనుకున్నాను. పెట్టలేదు. ఇప్పటికీ కొంచెం బాధగానే ఉంది.)

తిరిగొచ్చినాక ఒక్కొక్క లక్షణమే అమలు పెట్టడం మొదలుపెట్టినాను. మొదటిది, నాయకుడు ముందు నడుస్తాడు. ఆ హాల్లో నేలంతా వేడినీళ్ళు, గూళ్ళ జిగట. ముందు నడిచినాను, జర్రున జారి రెండో వరుస దాకా పోయినాను. రెండోది, నాయకుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడతాడు. ఒకామె కళ్ళలోకి అట్లా చూస్తా ఉంటే ఆమె పని ఆపి, "ఏం సార్, నా కంట్లో నలుసేమన్నా ఉందా?" అని అడిగింది. మూడోది మాత్రం నాకు భలే నచ్చింది. నాయకుడు సాకులు వినడు.

ఒక శుక్రవారం పొద్దున్నే నలభై మందినీ నిలబెట్టి, దీని మీద చిన్న ఉపన్యాసం ఇచ్చినాను. "ఈ రోజు నుంచి ఈ ఫ్యాక్టరీలో సాకు అనే మాట నా చెవిన పడకూడదు. ఎవరు సాకు అన్నా నేను ఒప్పుకోను. ఒంట్లో బాగాలేదని సాకు, బస్సు రాలేదని సాకు, అన్నీ బంద్" అన్నాను. నలభై మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆవిరక్క చెయ్యెత్తి, "సాకు అనకూడదా సార్? ఎప్పుడూనా?" అని అడిగింది. "ఎప్పుడూ!" అన్నాను గట్టిగా. వెనక ఎవరో కిసుక్కున నవ్వినారు. నా మాటకు ఇంత ప్రభావం ఉందా అని నాకు ఒళ్ళు పులకరించింది. ఆ రోజు టీ పోసే ఆమె గ్లాసులు పొర్లిపోయేదాకా టీ పోసింది. ఎవరూ ఆపమనలేదు, అందరూ నా వైపే చూస్తాండారు. నాకెందుకో ఆమెకు చూపు మందగించిందేమో అనిపించింది.

మీలో ఇంత కన్నడం తెలిసినోళ్ళు ఇప్పటికే నవ్వుకుంటా ఉంటారు. తెలియనోళ్ళకు చెప్తాను, కన్నడంలో సాకు అంటే చాలు. నేను పొద్దున నలభై మందిని నిలబెట్టి, ఈ ఫ్యాక్టరీలో ఇంక ఎవరూ ఏ పనికీ ఎప్పుడూ చాలు అనకూడదని ఆజ్ఞ వేసినాను.

ఆ రోజు సావుకారు తెల్లవారకముందే గూళ్ళ మార్కెట్‌కు పోయి, రాశుల్లో చేతులు పెట్టి ఏరి ఏరి తెల్లగూళ్ళు తెచ్చినాడు. పెద్ద వేరుశనక్కాయల మాదిరి ఒక్కొక్కటి గట్టిగా, నున్నగా ఉన్నాయి. "ఇంత మంచి గూళ్ళు ఈ ఏడాది చూల్లేదప్పా, జాగ్రత్త" అని చెప్పి ఇంటికి భోజనానికి పోయినాడు. మధ్యాహ్నం నమాజుకు పోతా పోతా భాయ్ నన్ను పిలిచి, "అన్నీ సరిగ్గా పెట్టినా సార్. ఆవిరక్క చెప్పినప్పుడు ఈ చక్రం తిప్పి మూసెయ్. అంతే పని" అన్నాడు. అంతే పని! డిగ్రీ పాసైనోనికి చక్రం తిప్పడం ఒక లెక్కా? చక్రం వేడిగా ఉందని నా చేతిరుమాలు దానికి చుట్టి, పక్కన చేతులు కట్టుకొని నిలబడినాను. నిలబడే తీరు కూడా ఆ పుస్తకంలో ఉంది.

కాసేపటికి ఆవిరక్క తొట్టి మీదికి వంగి వాసన చూసింది. నోరు తెరిచింది. నన్ను చూసి మళ్ళీ మూసుకుంది. కాసేపు ఓర్చుకుంది. ఇంక ఉండబట్టలేక, "సార్... సాకు" అంది నెమ్మదిగా.

"మళ్ళీ సాకా? పొద్దున్నే చెప్పినాను కదమ్మా!"

"అయ్యో, సాకు సార్! సాకు!"

"సాకులొద్దంటే అర్థం కాదా నీకు? ఏం కావాలో తిన్నగా చెప్పు!"

"అయ్యో దేవ్రే! నిల్సి సార్, నిల్సి!"

"నిల్చోనే ఉన్నా కదమ్మా!" అన్నాను, ఇంకొంచెం నిటారుగా నిల్చొని.

ఇరవై ఏండ్లుగా ఒకటే కేక వేసిన నోరు అది. కంగారులో ఆమెకు తెలుగు ఒక్క ముక్క నోటికి రాలేదు. నాకు కన్నడం ఒక్క ముక్క చెవికి ఎక్కలేదు. అటు నుంచి నలభై మందీ లేచి చేతులూపుతా "సాకు! సాకు!" అని అరవడం మొదలుపెట్టినారు. ఫ్యాక్టరీ మొత్తం ఏకమై నన్ను ఎగతాళి చేస్తాందని నాకు రోషం పొడుచుకొచ్చింది. నాయకుడు ఒత్తిడికి లొంగడు, ఏడో లక్షణం. చక్రానికి అడ్డంగా నిలబడినాను. ఆఖరికి ఆవిరక్క చేతిలో గరిటె పారేసి పరిగెత్తుకొచ్చి, నన్ను భుజంతో ఒక్క తోపు తోసి, చీర కొంగు చేతికి చుట్టుకొని చక్రం తిప్పేసింది. తర్వాత పారేసిన గరిటె ఏరుకొని తొట్టిలోంచి ఒక గూడు పైకి తీసింది. అది గూడులా రాలేదు, సంకటిలా వచ్చింది.

"సాకు అంటే చాలు, నిల్సి అంటే ఆపండి అని సార్" అని తెలుగులో చెప్పింది ఆమె, అప్పుడు.

సరిగ్గా ఆ సమయానికే సావుకారు తాంబూలం నములుతా లోపలికొచ్చినాడు. తొట్టిలోకి తొంగి చూసినాడు. నమలడం ఆపేసినాడు. "ఎవరప్పా ఈ పని చేసింది?" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. నాకు ఒక్కసారిగా మా వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా కనపడింది, మా నాయన మొహం కూడా కనపడింది. ఏం చెప్పాలో నేను ఆలోచించలేదు, నోరే చెప్పేసింది. "బాయిలర్‌లో ఆవిరి ఎక్కువైపోయింది సార్."

అవును, అదే. పొద్దున సాకులొద్దని ఉపన్యాసం ఇచ్చినోని నోట్లోంచి మధ్యాహ్నానికే అసలు సిసలైన సాకు, తెలుగు సాకు, ఊడిపడింది.

నా ఖర్మకు భాయ్ అప్పుడే నమాజు నుంచి తిరిగొచ్చినాడు, తలమీద టోపీ ఇంకా తియ్యలేదు. సావుకారు అందరి ముందరా ఆయన్ను నిలబెట్టి కడిగేసినాడు. ఇరవై ఏండ్ల అనుభవం యాడ పోయింది, వదిలి పోయేటప్పుడు ఆవిరి చూసుకోనక్కరలేదా, వయసైపోతే చెప్పు ఇంకొకర్ని పెట్టుకుంటా అని. భాయ్ ఒకసారి చక్రం వైపు చూసినాడు. నా చేతిరుమాలు ఇంకా దానికే వేలాడతా ఉంది. ఒకసారి నా వైపు చూసినాడు. ఆవిరక్క ఏదో చెప్పబోతే కంటితోనే వద్దన్నాడు. "చూసుకోవాల్సింది సావుకారీ. తప్పే" అన్నాడు. టోపీ మడిచి జేబులో పెట్టుకొని బాయిలర్ దగ్గరికి పోయినాడు.

ఆ పూట నేను చిత్రాన్నం డబ్బా తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ మూసినాను. బయట హాల్లో దారం తీసే చక్రాల చప్పుడు తప్ప ఒక్క మాట లేదు. నలభై మంది ఆడవాళ్ళు మాట్లాడకుండా పని చేస్తాంటే అంత భయం నాకు ఎప్పుడూ వేయలేదు. నిజం చెప్తే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే రోజూ ఆ పెద్దాయన ముందర నుంచి అద్దాల గదిలోకి పోయి కూర్చోవాలి. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది, ఎవరూ చూడకుండా కొంచెం ఏడ్చినాను కూడా. మూడు గంటలప్పుడు లేచి సావుకారు గదికి పోయి, తలుపు దగ్గరగా వేసి, "సార్, తప్పు నాది. బాయిలర్ బాగానే ఉండింది. నాకు కన్నడం రాదు" అన్నాను. మొదటి నుంచి అంతా చెప్పినాను. ఉపన్యాసం దగ్గర ఆయన మీసం కదిలింది. 'నిల్చోనే ఉన్నా కదమ్మా' దగ్గర ఆయన బల్ల మీద తలపెట్టి నవ్వినాడు, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా. హమ్మయ్య, గండం గడిచిందనుకొని నేనూ కొంచెం నవ్వబోయినాను. ఆయన కళ్ళు తుడుచుకొని, "తలుపేసుకొని నా తావ చెప్తే ఎట్లప్పా? నేను ఆ మనిషిని తిట్టింది నలభై మంది ముందర. పద" అన్నాడు.

నలభై మంది ముందర మళ్ళీ నిలబడినాను. పక్కన సావుకారు, ఆ పక్కన భాయ్. "తప్పు నాది, భాయ్‌ది కాదు" అన్నాను. అక్కడ ఆపి ఉంటే ఎంత బాగుండేది! కానీ పచ్చ పుస్తకం ఒంట్లో ఇంకా మిగిలుంది. "నాయకుడనేవాడు తన పొరపాటును ఒప్పుకొని, దాని నుంచి పాఠం నేర్చుకొని, తన బృందానికి ఆదర్శంగా, రాబోయే రోజుల్లో..." అని దారం లాగుతా పోయినాను. ఆవిరక్క చేతులు నడుము మీద పెట్టుకొని, "సార్, సాకు!" అంది. ఆ వెంటనే నలభై మందీ ఒకటే గొంతుతో "సాకు సార్!" అన్నారు. ఈసారి అర్థమైంది. నోరు మూసినాను. సావుకారు భాయ్ దగ్గరికి పోయి, అందరూ చూస్తాండగానే, "నోరు జారినా భాయ్, మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు. ఆ రోజు నుంచి నా పేరు సాకు సార్.

ఉద్యోగం పోలేదు. అట్లని ఉన్నట్టూ లేదు. "నెల దినాలు ఆవిరక్క కింద గూళ్ళు ఉడకబెట్టు. మాట నేర్చుకో. తర్వాత చూస్తాం" అన్నాడు సావుకారు. ఆ నెల దినాలు నా కింద నలభై మంది కాదు, నలభై మంది కింద నేను. సాయంత్రం బొబ్బలెక్కిన చేతులతో ఇంటికి పోతే నాయన చూసి, "సూపర్‌వైజరంటే ఇంత పనుంటాదేమిరా?" అన్నాడు. "పెద్ద ఫ్యాక్టరీ కదా నాయనా" అన్నాను.

ఆ రోజుల్లోనే ఒకసారి, బాయిలర్‌కు కట్టెలందిస్తా భాయ్‌ని అడిగినాను, ఆ రోజు ఎందుకు చెప్పలేదని. ఆయన తల తిప్పకుండానే, "నువ్వు నిన్న మొన్న వచ్చినోనివి. సావుకారు పొమ్మంటే నువ్వు పోవాల్సిందే. నన్ను పొమ్మంటే బాయిలర్ ఎవరు ఎలిగిస్తారు? రెండు మాటలు పడితే పోయేదేముంది" అన్నాడు. "మరి నేను నిజం చెప్పకపోయుంటే?" అన్నాను. "చెప్పకపోయుంటే లేదు. నేనేమన్నా చెప్పమన్నానా? ఆ పెద్ద కట్టె ఇటియ్యి" అన్నాడు.

కాలం పోయింది. రెండువేల సంవత్సరం దాటినాక అదే ఫ్యాక్టరీలో నేను మేనేజర్ని కూడా అయినాను. (నాకే నమ్మకం కలగలేదు, మీకు కలగకపోతే తప్పు లేదు.) అప్పుడొక కొత్త సూపర్‌వైజరు చేరినాడు. చేరిన నెలకే దారం చుట్టలు తడి నేల మీద పెట్టించి, మొత్తం మచ్చలు పడేటట్టు చేసినాడు. సావుకారు కొడుకు వచ్చి, "ఎవరిది ఈ పని?" అని అడిగినాడు. పిల్లవాని మొహం చూసినాను, పాలిపోయి ఉంది. "నేను చూసుకోవాల్సింది. తప్పే" అన్నాను. బాగా పడినాయి మాటలు. నా వయసుకు తగనివి కూడా రెండు మూడు పడినాయి. అయినా ఆ రోజు నేను నేల మీద నడవలేదు.

ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పినాను. "అంత గొప్పగా మీదేసుకునింది మీరే, మళ్ళీ ఇంటికొచ్చి ఏంటికి గొణుగుతాండారు?" అంది. రైల్లో రోజూ కలిసి పోయే ముగ్గురికి చెప్పినాను. స్టేషన్‌లో టీ కొట్టాయనకు చెప్పినాను. అప్పటికీ తృప్తి తీరక, ఒక ఆదివారం పెనుకొండలో దిగి భాయ్ దగ్గరికే పోయినాను. పని మానేసి అక్కడే కూతురింట్లో ఉంటాండాడు. అంతా విన్నాడు. "ఆ పిల్లోని ఉద్యోగం నిలిచిందా?" అన్నాడు. నిలిచిందన్నాను. "ఇంగేం మరి, టీ తాగు" అన్నాడు.

"అది కాదు భాయ్, ఆ రోజు నా కోసం మీరు చేసినారు చూడు, అదే నేను చేసినా" అన్నాను.

"నేనా?" అన్నాడు భాయ్, గ్లాసు పట్టుకొని. "ఎప్పుడు?"

నటించడం లేదు. నిజంగానే గుర్తు లేదు ఆయనకు. కాసేపు గుర్తు తెచ్చుకోవడానికి చూసి, నాకోసం పాపం చాలా కష్టపడి, చివరికి, "చేసే ఉంటానులే" అన్నాడు.

తిరుగుబండిలో కిటికీ పక్క సీటు దొరికింది. లెక్క పెట్టుకున్నాను, నేను చేసిన ఆ ఒక్క మంచి పని ఎంతమందికి చెప్పినానా అని. మా ఆవిడ, రైల్లో ముగ్గురు, టీ కొట్టాయన, భాయ్. ఇప్పుడు మీరు.